పసుపు పెట్టిన డ్రైవ్

పోయిన వారం మార్కాపురం పాత బస్టాండు దగ్గర ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. దండ వేసిన ఫొటో, కింద పెద్ద పెద్ద అక్షరాల్లో ఇంటిపేరుతో సహా పేరు. దారం రీళ్ళ కోసం బజారుకు పోతూ ఆ పేరు చదివాను. ఎవరో పెద్దమనిషిలే అనుకుని దాటిపోయాను కూడా. ఏదో అనుమానమొచ్చి వెనక్కి తిరిగి ఫొటో చూశాను. చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. ఫొటో స్టూడియోలో కూర్చున్నప్పుడైనా దాన్ని తీసి పక్కన పెట్టలేదు మహానుభావుడు.

పక్కన టీకొట్టు వదిన నన్ను చూసి, "ఎవరు పాపా ఈయన? పొద్దుటి నుంచి అందరూ నిలబడి సూసి పోతున్నారు గానీ, ఎవరో ఏందో ఒక్కరూ చెప్పలేదు" అంది.

"సిస్టమ్ మామ, వదినా."

"అయ్యో, సిస్టమ్ మామా!" అని చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. "మొన్ననే గదా మా పాప ల్యాప్‌టాప్ బాగుజేసి ఇచ్చిపోయినాడు. ఎట్ల పోయినాడు? ఎప్పుడు పోయినాడు?"

నాకూ తెలియదు. ఫ్లెక్సీ చూసి తెలుసుకోవాల్సి వచ్చినందుకు నామీద నాకే కోపం వచ్చింది, ఆ తర్వాత ఆయన మీద వచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరో అనుకుని నాలాగే దాటిపోతారు.

ఆయనకు దుకాణమంటూ లేదు. నల్లటి రెగ్జిన్ సంచీ, ముందు బుట్ట వంగిపోయిన మోపెడ్, ఆ స్క్రూడ్రైవర్, అంతే. కంప్యూటర్ చెడిపోయిందని ఎవరు ఫోన్ చేసినా అవతలి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే. "ఏం కదిలిచ్చినావు?"

"ఏం కదిలియ్యలేదు మామా. దానంతటదే ఆగిపోయింది."

"దానంతటదే అయ్యేది జుట్టు నెరవడమొకటే. నిజం జెప్పు."

నిజం చెప్పేదాకా మోపెడ్ స్టార్ట్ చేసేవాడు కాదు. వచ్చాక చెప్పులు గడప బయట విడిచి, నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, క్యాబినెట్‌కు చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. ఫ్యాను ఆపాలి. మా షాపుకు ఎదురుగా విత్తనాల దుకాణం నడిపే ఆయన ఒకసారి ఆ సమయంలో తుమ్మాడని మామ ఆయన్ని బయటికి పంపేశాడు. ఆయన సొంత దుకాణంలోంచే! పాపం ఆయన రోడ్డు మీద నిలబడి, వచ్చిన రైతులకు నోటి మీద వేలు పెట్టి సైగ చేస్తుంటే మేమంతా ఇటు నుంచి చూసి నవ్వుకున్నాం.

టీ తెప్పిస్తే వెంటనే తాగేవాడు కాదు. "తెర ఎలగనీ" అనేవాడు. గ్లాసు మీద దొరికిన మూత ఏదో పెట్టి పక్కకు జరిపేవాడు. తెర వెలిగాక చల్లారి మీగడ కట్టిన ఆ టీనే తాగేవాడు. వేడిగా ఇంకొకటి తెప్పిస్తామంటే కసురుకునేవాడు. తెర వెలగకపోతే గ్లాసు అక్కడే వదిలేసి మాటా పలుకూ లేకుండా పోయేవాడు. దుకాణం వాళ్ళకు ఆ గ్లాసు చూస్తే చాలు, సంగతి తెలిసిపోయేది.

ఆయన ప్రాణం మాత్రం బ్యాకప్‌లో ఉండేది. మనం పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళు ఎక్కించుకుని బ్యాకప్ తీశామనుకుంటాం చూడండి, అది ఆయన లెక్కలోకి వచ్చేది కాదు. "అది కొంప కాలతుంటే గిన్నెలు బయటేసుకోడం. తెల్లారి వండుకునేదానికి కొంప యాడుంది?" అనేవాడు. ఆయన తీసేది సిస్టమ్ ఇమేజ్. విండోస్, సాఫ్ట్‌వేర్లు, వాటి లైసెన్సులు, సెట్టింగులు, చివరికి తెరమీద బొమ్మతో సహా ఆ రోజు కంప్యూటర్ ఎట్లా ఉందో అట్లా మొత్తాన్నీ బయటి డ్రైవ్ ఒకదానిలోకి దించేయడం. రేపు డిస్కు చచ్చిపోతే కొత్త డిస్కు బిగించి ఆ ఇమేజ్ ఎక్కిస్తే, కంప్యూటర్ మళ్ళీ ఆ రోజులోకే లేచి కూర్చుంటుంది. ఆ రోజు తర్వాత జరిగినదేదీ దానికి తెలియదు. ఈ చివరి ముక్కను మాత్రం ప్రతి ఒక్కరికీ వేలెత్తి మరీ చెప్పేవాడు.

అందుకే ఇమేజ్ ఎక్కించే ముందు ఒక తంతు జరిపేవాడు. యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, "ఇది తీసినంక మీ దుకాణంలోకి ఏమేమి వచ్చినాయి? నోటితో జెప్పు" అని అడిగేవాడు. మనసులో అనుకుంటే సరిపోదు, పైకి చెప్పాలి. ఒకసారి నేను పాస్‌పోర్టు ఫొటో కోసం స్టూడియోకి పోతే అక్కడ ఆ తంతే నడుస్తోంది. స్టూడియో అన్న "ఏం లేవు మామా, ఎక్కించెయ్" అంటున్నాడు. మామ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏం లేకుండానే ఇన్నాళ్ళు షట్టర్ ఎత్తినావా? గుర్తు తెచ్చుకో."

"లేవంటే లేవు మామా."

"ఎవరిదన్నా పెళ్ళి?"

"లేదు."

"పేరంటం? పిల్లోళ్ళకు పేరు పెట్టడం?"

స్టూడియో అన్న ముఖం పాలిపోయింది. ఎవరిదో బారసాల ఫొటోలు ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవట. కొనవూపిరితో ఉన్న పాత డిస్కు నుంచి ముందు వాటిని బయటికి లాగి, ఆ తర్వాతే ఇమేజ్ ఎక్కించాడు మామ. ఆ పూట నాకు పాస్‌పోర్టు ఫొటో తీయలేదు గానీ, ఆ మనిషి నాకు నచ్చాడు. నాకు కోపం ఎక్కువ. ఆయనకు నాకంటే ఎక్కువ. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. కంప్యూటరూ దాని బ్యాకప్ డ్రైవూ ఒక కప్పు కింద పడుకోకూడదు. దుకాణం కాలినా, దొంగలు పడినా, వాన నీళ్ళు లోపలికి వచ్చినా రెండూ కలిసి పోతాయి. డ్రైవ్ వేరే ఊళ్ళో, నమ్మకమైన చుట్టాల ఇంట్లో ఉండాలి. ఎవరైనా ఇంటర్నెట్‌లో పెట్టుకుంటామంటే, "నీ నెట్టు స్పీడుకు అది ఎక్కేలోపల నీకు మనవరాలు పుడుతుంది" అనేవాడు. ఆయన మాట విని విత్తనాల దుకాణం డ్రైవ్ పొదిలిలో వాళ్ళ వియ్యంకుల ఇంటికి పోయింది. స్టూడియో డ్రైవ్ పెద్దదోర్నాలలో వాళ్ళ బావమరిది హోటల్లో, పచ్చడి జాడీల అలమారలో ఉండేది. శ్రీశైలం పోయే జనం దాని కిందే కూర్చుని ఇడ్లీలు తిని పోతుంటారు. మాది తర్లుపాడులో మా పిన్ని ఇంటికి చేరింది.

మా డ్రైవ్ అప్పజెప్పడానికి మామ తనే వచ్చాడు. పిన్ని వాళ్ళది సేద్యం, కందులు వేస్తారు, మిరప వేస్తారు. ఆమె కంది చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆమెకు డ్రైవ్ చేతికిచ్చి, "చూడు చెల్లెలా, ఇది కింద పడగూడదు, తడవగూడదు, ఎవరికీ ఇయ్యగూడదు. ఈ పాప బతుకంతా ఇందులోనే ఉంది" అన్నాడు. పిన్ని చేతులు తుడుచుకుని రెండు చేతులా అందుకుంది. బియ్యం డబ్బా పక్కన గూటిలో పెట్టి, దాని మీద శుభ్రమైన గుడ్డ కప్పింది. మామకు ఎవరి పనీ అంత తొందరగా నచ్చదు. ఆ రోజు మాత్రం తల ఊపాడు.

ఇక అసలు సంగతి చెప్తాను. మాది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు. రవికల మీద జరీ పని మిషన్‌తో కుడతాం. డిజైన్ కంప్యూటర్‌లో గీస్తే, దాన్ని సూదికి అర్థమయ్యే కుట్లుగా మార్చేది ఒక సాఫ్ట్‌వేర్. దాన్ని మాకు అమ్మిన మనిషి ఊరొదిలి పోయాడు, ఫోన్ కలవదు. అది మా కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా తెరుచుకోదు. అది పోతే మిషన్ ఉంటుంది, దారాలుంటాయి, షాపు ఉండదు. నాయన ఎండాకాలంలో పోయాడు. ఆ తర్వాత ఇంటికి ఆ షాపే దిక్కు.

అదే ఏడు కార్తీకమాసం, పెళ్ళిళ్ళ రోజులు. గిద్దలూరులో తెల్లవారుజామున ముహూర్తం. పెళ్ళికూతురు వాళ్ళది మా ఊరే, సాయంత్రం వ్యాన్‌లో అందరూ గిద్దలూరు పోతున్నారు. తలంబ్రాల చీర మీదికి రవిక మా దగ్గర ఉంది. వీపు మీద మామిడిపిందెలు కుట్టడం అయిపోయింది, చేతులు మిగిలాయి. పెళ్ళికూతురి తల్లి పొద్దున్నే వచ్చి స్టూలు మీద కూర్చుంది. "నీ ఎదురుగానే కుట్టి ఇస్తా అత్తా" అని గొప్పగా చెప్పి కూర్చోబెట్టింది నేనే. నేనలా అన్నానో లేదో, కరెంటు పోయింది. మిషన్ కూడా తగిలించి ఉన్న పాత యూపీఎస్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. కరెంటు వచ్చింది. కంప్యూటర్ మాత్రం రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొన్ని వచ్చి ఆగిపోయాయి.

"ఏం కదిలిచ్చినావు?"

"ఒట్టు మామా. కరెంటు పోయి వచ్చింది, అంతే. తొందరగా రా, పెళ్ళి రవిక."

వచ్చాడు. ఫ్యాను ఆపించాడు, చెవి ఆనించాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఆయన చాలాసేపు లేవలేదు. లేచి ముఖం తుడుచుకుని, "కొట్టుకుంటాంది లోపల. పోయింది" అన్నాడు.

పెళ్ళికూతురి తల్లి స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. "పోయిందంటే? రవికా?"

"రవిక ఉందమ్మా. డిస్కు పోయింది."

"మరి చేతులు?"

ఆయన నావైపు తిరిగి, "పిన్నికి ఫోన్ చెయ్. డ్రైవ్ తీసుకుని ఉన్నపళంగా ఆటో ఎక్కమను" అన్నాడు.

పిన్ని వచ్చేలోపల పాత డిస్కు విప్పి, సంచిలోంచి కొత్తది తీశాడు. దాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి వాటి మీది అక్షరాలు కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు. పాతదానికంటే చిన్నదైతే ఇమేజ్ ఎక్కదట. సరిపోతుందని తేల్చుకున్నాక బిగించాడు. పెళ్ళికూతురి తల్లికి ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. ఆమె ప్రతి ఫోన్‌కూ "అయిపోవచ్చింది" అని అబద్ధం చెప్తూ నావైపు చూస్తోంది. టీ వచ్చింది. మామ మూత పెట్టి పక్కకు జరిపాడు. ఆ గ్లాసు వైపు చూడ్డానికే నాకు భయం వేసింది.

పిన్ని ఆటో దిగింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మూటను దించకుండానే లోపలికి వచ్చి, మామ చేతిలో పెట్టింది. కొత్త రవికె గుడ్డలో చుట్టి ఉంది. మామ ముడి విప్పాడు. 

డ్రైవ్ నిండా పసుపు. మధ్యలో కుంకుమ బొట్టు. ఒక మూల ఎండిన బంతిపూరేకు అంటుకుని ఉంది. అన్నిటికంటే ఘోరం, వైరు పెట్టే చోటు పసుపు ముద్దతో పూడిపోయి గట్టిగా ఎండిపోయింది.

"ఏంది చెల్లెలా ఇది?"

"దసరాకు ఆయుధపూజ చేసినానన్నా. ట్రాక్టర్‌కు, మందు కొట్టే మిషన్‌కు, దీనికి."

"దీనికెందుకు?"

"నువ్వే గదన్నా జెప్పినావు, పాప బతుకంతా ఇందులోనే ఉందని. బతుకిచ్చేదానికి బొట్టు పెట్టకుండా ఎట్లుంటాను?"

మామ డ్రైవ్‌ను తిప్పి చూశాడు. "పెట్టినావు, సరే. వైరు దూరే కాడనే పెట్టాల్నా?"

"అది దాని నోరనుకున్నా."

"నైవేద్యం గూడా పెట్టినావా?"

"రవ్వంత చక్కెర. చూపిచ్చి తీసేసినాలే అన్నా."

ఇప్పుడు తలుచుకుంటే కడుపుబ్బా నవ్వొస్తుంది. ఆ రోజు ఒక్కరికీ నవ్వు రాలేదు. మామ బంతిపూరేకు తీసేసి వైరు పెట్టడానికి చూశాడు. లోపలికి దిగలేదు. సంచిలోంచి పాత టూత్‌బ్రష్, స్పిరిట్ సీసా, సన్నటి సూది తీశాడు. గుమ్మం దగ్గర వెలుగులో బాసింపట్టు వేసుకుని, పసుపు పెచ్చులు పెచ్చులుగా ఊడదీయడం మొదలుపెట్టాడు. లోపల రాగి పలుకులు వెంట్రుకంత ఉంటాయి. ఒకటి వంగినా ఇక ఆ డ్రైవ్ మాట్లాడదు.  సూది పట్టుకున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

పిన్ని సాయం చేద్దామని వంగి ఊదబోయింది. "ఊదొద్దు!" అని ఒక్క అరుపు అరిచాడు. పిన్ని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకపక్క పిన్ని మీద కోపం, ఒకపక్క ఆమె పెట్టిన బొట్టు నా కోసమే కదా అన్న బాధ. ఆమెను కసరాలో ఓదార్చాలో తెలియక, డ్రైవ్ చుట్టి తెచ్చిన గుడ్డ తీసి మడత మీద మడత పెడుతూ కూర్చున్నాను.

స్పిరిట్ ఆరేదాకా ఆగాలన్నాడు. తడి మీద కరెంటు తగిలితే అంతా కాలిపోతుందట. పెళ్ళికూతురి తల్లి ఆగలేకపోయింది. "పక్కూర్లో ఎవురికన్నా ఇచ్చి కుట్టిస్తే?" అంది.

"వీపు ఒక రకం, చేతులు ఒక రకం కుట్టుకుని పీటల మీద కూర్చుంటుందా అత్తా?" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆమె మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

మామ వైరు పెట్టాడు. లైటు వెలగలేదు. తీసి మళ్ళీ తుడిచాడు, మళ్ళీ ఆరబెట్టాడు, మళ్ళీ పెట్టాడు. వెలగలేదు. నేను మనసులో షాపు షట్టర్ దించేశాను. మిషన్ ఎవరు కొంటారా అని కూడా అనుకున్నాను. ఆయన వైరు తీసి తిరగేసి చూసి, దాని కొసన అంటుకున్న పసుపు పలుకును గోటితో గీరి, మళ్ళీ పెట్టాడు. చిన్న నీలం లైటు వెలిగింది. ఆయన వెంటనే వంగి డ్రైవ్‌కు చెవి ఆనించాడు.

"తిరుగుతాంది" అన్నాడు మెల్లగా.

సంచిలోని పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను లేపితే, తెర మీద ఇమేజ్ కనిపించింది. ఎప్పుడు తీశామో దాని పక్కనే ఉంది. ఉగాదికి ముందు తీసినది. మామ స్టూలు నావైపు తిప్పుకున్నాడు.

"జెప్పమ్మాయ్. ఇది తీసినంక ఏమేమి వచ్చినాయి?"

"మామా, టైం లేదు."

"జెప్పు."

"శ్రావణమాసం డిజైన్లు. కొత్తవాళ్ళ కొలతలు. ఈ రవిక డిజైన్ కూడా అందులోనే పోయింది, కాకపోతే కాగితం మీద ఉంది, మళ్ళీ గీసుకుంటాను."

"ఇంకా?"

"నాయన పోయినాడు."

ఎందుకన్నానో తెలియదు. డిజైన్లతో పాటు, కొలతలతో పాటు ఆ మాట కూడా దొర్లి వచ్చేసింది. మామ తల దించుకుని తన అరచేతికి అంటిన పసుపు చూసుకున్నాడు. మా నాయన పక్కనే కూర్చుని ఆయన ఎన్నిసార్లు చల్లారిన టీ తాగాడో. మౌస్ నాముందుకు జరిపాడు. "ఈ డిస్కు మీద ఉండేదంతా చెరిపేసి ఎక్కిస్తానంటాంది. నువ్వే నొక్కు" అన్నాడు. నొక్కాను.

పచ్చటి గీత పాకడం మొదలైంది. అంత నెమ్మదిగా కదిలే వస్తువును నేను జీవితంలో చూడలేదు. అది సగం దాటిందో లేదో ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెట్టింది. మామ ఒక్క ఉదుటున లేచి ఎంబ్రాయిడరీ మిషన్ ప్లగ్గు పీకి, ఫోన్ ఛార్జర్లు పీకి, మానిటర్ వెలుగు తగ్గించేశాడు. "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు" అన్నాడు. మధ్యలో ఆగిపోతే కొత్త డిస్కు సంగతి సరే, అతి కష్టం మీద లేచిన డ్రైవ్ మళ్ళీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

చీకటి గదిలో నలుగురం చెమటలు కారుస్తూ ఆ గీత వైపు చూస్తున్నాం. పెళ్ళికూతురి తల్లి పెదాలు కదులుతున్నాయి, "చెన్నకేశవా, చెన్నకేశవా" అంటోంది. యూపీఎస్ కూతలు దగ్గర దగ్గరయ్యాయి. అది పాత యూపీఎస్, మార్చమని మామ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆ మాట ఇప్పుడు అంటాడేమో అని చూశాను. అనలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బిడ్డ జ్వరం దిగేదాకా కూర్చున్న మనిషిలా కూర్చున్నాడు. కూత ఆగకుండా ఒకటే గీతలా సాగింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఫ్యాను కదిలింది.

ఎవరూ కేకలు వేయలేదు. పిన్ని మాత్రం "అమ్మయ్య" అని నేల మీద అరచెయ్యి వేసింది. గీత చివరికంటా పోయింది. కంప్యూటర్ తనంతట తాను ఆగి, మళ్ళీ మొదలైంది. నల్లటి తెర. ఆ నల్లటి తెర ఎంతకీ పోలేదు. మామ మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగుతుండగా తెర వెలిగింది. నా పాత బొమ్మ, నా పాత ఐకాన్లు, ఎక్కడివక్కడ. సాఫ్ట్‌వేర్ మీద నొక్కితే ఏ ప్రశ్నా వేయకుండా తెరుచుకుంది. మామ గ్లాసు మీది మూత తీశాడు. పెళ్ళికూతురి తల్లి నా భుజం పట్టుకుని ఊపేసింది.

అప్పుడు తెర కింది మూల నుంచి గంట బొమ్మతో ఒక చిన్న పెట్టె పైకి లేచింది.

"నాయనకు మధ్యాహ్నం మాత్ర. అన్నం తిన్నాక."

నేను టైపు చేసుకున్నదే. నాయన మాత్రలు మరిచిపోతాడని, నేను పనిలో పడి మరిచిపోతానని పెట్టుకున్నాను. అప్పట్లో అది మోగగానే నేను "నాయనా" అని పిలవడం, ఆయన ఆ మూల కుర్చీలోంచి "ఏసుకున్నాలేమ్మా" అని అబద్ధం చెప్పడం. నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"ఎలిగింది గదా పాపా, ఇంక కుట్టు. వ్యాన్ వచ్చేస్తాది" అంది పెళ్ళికూతురి తల్లి.

"ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడు మామ. పొద్దుటి నుంచి అందరినీ తరుముతున్న మనిషి. గ్లాసు నోటి దాకా తీసుకుపోయినవాడు మళ్ళీ కింద పెట్టేశాడు. పిన్నికి చదువు రాదు. "ఏం రాసుంది దాంట్లో?" అని అడిగింది. 

ఆ పెట్టెను మూయకుండా తెర పక్కకు జరిపి, కాగితం ముందు పెట్టుకుని మామిడిపిందెలు మళ్ళీ గీశాను. కళ్ళు మసకబారి ఒక పిందె తోక వంకరపోయింది, చెరిపి మళ్ళీ గీశాను. సూది కదిలింది. రెండో చెయ్యి మీద చివరి పిందె కుడుతుండగా వ్యాన్ బయట హారన్ కొట్టింది. పెళ్ళికూతురి తల్లి రవికను వేడిగా ఉండగానే గుండెకు అదుముకుని, నా తల మీద చెయ్యి పెట్టి పరిగెత్తింది.

 మామ మీగడ తేలిన టీ తాగి, డ్రైవ్ వైరు చుట్టి, పిన్ని తెచ్చిన రవికె గుడ్డలోనే మళ్ళీ మూట కట్టాడు. పిన్నిని తనే తర్లుపాడులో దించుతానన్నాడు. మాత్ర గుర్తుచేసే ఆ చిన్న పెట్టె ఇంకా తెర మీదే ఉంది.

"దీన్ని తీసెయ్యాలంటే ఎట్ల మామా?" అన్నాను. "ఇది ఇంకా నాయన ఉన్నాడనే అనుకుంటాంది."

ఆయన మూట సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకోవడానికి గడప దాకా పోయి ఆగాడు. నావైపు చూడలేదు.

"అనుకోనీలే అమ్మాయ్" అన్నాడు. "షాపులో ఒకరన్నా అట్ల అనుకోనీ."

పిన్ని లేచి షట్టర్ సగం దించింది. నాయన పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.